టమాట ఆగదు!

నాయిన చేలో కోస్తాడు. కొడుకు పట్నంలో ఎవరిదో గుమ్మం ముందు పెడతాడు. ఇద్దరి మధ్యా నడిచేదంతా ఫోనులోనే. కానీ, ఆ ఫోను 'ఆగు' అన్నప్పుడు ఆగనిది ఒకటుంది...

రాత్రి తొమ్మిది దాటింది. ఆత్మకూర్ (ఎస్)లో ఆ ఇంటాయన కంచం ముందు కూర్చున్నాడే గానీ ధ్యాసంతా గూట్లో పెట్టిన ఫోను మీదే ఉంది. ముద్ద ముద్దకీ అటే చూస్తున్నాడు.

''జర ఆ ఫోను సంగతి మర్చిపోయి నాలుగు మెతుకులు తినరాదు?'' ఇల్లాలి విసుగు.

''అది మోగితేనే గదా రేపటి మెతుకుల సంగతి తెలిసేది!'' ఆయన జవాబు.

మోగింది. వాట్సాప్‌లో రెండే ముక్కలు. 'రేపు టమాట 10 ట్రేలు. దోరకాయ మాత్రమే.' పంపింది హైవే పక్కన షెడ్డులో కూరగాయలు సేకరించే ఒక కంపెనీ కుర్రాడు. ఆయన కంచం ఖాళీ చేసి చెయ్యి కడుక్కున్నాడు. ఇల్లాలు ఇద్దరు కూలీలకు ఫోను కలిపింది. తెల్లారి నాలుగింటికల్లా ముప్పావు ఎకరం టమాట తోటలో నాలుగు ఫోను లైట్లు వెలిగాయి.

దోరకాయ అంటే పచ్చదనం వదులుతూ, అడుగున లేత గులాబీ రంగు తిరగడం మొదలైన కాయ. ఫోను లైటు తెల్లటి వెలుతురులో పచ్చికాయకీ దోరకాయకీ తేడా పట్టడం అంత తేలిక కాదు. అది ఏళ్ల తరబడి తోటలో తిరిగిన కళ్లకూ వేళ్లకూ తెలిసిన విద్య. బాగా ఎర్రబడ్డ కాయ ఎంత నిగనిగలాడుతున్నా షెడ్డులో పక్కన పడేస్తారు. అది పట్నం చేరి, ప్యాకెట్టులో చేరి, ఇంకొకరి వంటింట్లో రెండు రోజులు నిలవాలి మరి. తినేవాళ్లకు కావలసింది పండిన టమాటే. కొనేవాళ్లకు కావలసింది మాత్రం ఇంకా పండని టమాట. ఈ మెలిక అర్థమైతే మిగతా కథంతా అర్థమైనట్టే.

బ్రాకెట్లో ఊరు

తెలుగు నేల మీద ఆత్మకూరులు చాలానే ఉన్నాయి. నెల్లూరు జిల్లాలో ఒకటి, నంద్యాల జిల్లాలో ఒకటి, అనంతపురం జిల్లాలో ఒకటి. తెలంగాణలోనూ వనపర్తి, హనుమకొండ జిల్లాల్లో ఉన్నాయి. యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉన్నది ఆత్మకూర్ (ఎం). సూర్యాపేట పక్కనున్నది ఆత్మకూర్ (ఎస్). 2016 అక్టోబరులో కొత్త జిల్లాలు ఏర్పడే దాకా నల్గొండ జిల్లాలో ఉన్న ఈ మండలం, అప్పట్నుంచీ సూర్యాపేట జిల్లాలోకి వచ్చింది. ఊరి పేరు పక్కన బ్రాకెట్లో ఆ ఒక్క అక్షరం లేకపోతే ఉత్తరం ఏ ఊరికి పోతుందో చెప్పలేని రోజులుండేవి. 1972లో పిన్‌కోడ్ వచ్చింది అందుకే. ఇప్పుడైతే ఫోనులో చుక్క పెట్టి పంపితే చాలు, ఏ ఆత్మకూరో, అందులో ఏ చేనో కూడా తెలిసిపోతోంది.

ఆ ఇంటి చిన్నోడు బతికేది ఆ చుక్కల మీదే. సూర్యాపేటలో డిగ్రీ పూర్తిచేసి, రెండేళ్లు పరీక్షలు రాసి, చివరికి బైకు వేసుకుని హైదరాబాద్ వెళ్లాడు. ఈ వైపు ఊళ్ల పిల్లలందరిలాగే విజయవాడ రోడ్డుకు దగ్గరగా ఎల్బీనగర్ దిక్కున గది తీసుకున్నాడు. ఒక కంపెనీ స్టోరు ముందు బైకు ఆపుకుని కూర్చుంటాడు. ఫోను మోగగానే సంచి అందుకుంటాడు. మ్యాపులో చుక్క చూసుకుంటూ పోయి గుమ్మం ముందు పెడతాడు. ఆ స్టోరులోకి కొనుక్కునేవాళ్లెవరూ రారు. బయట పెద్ద బోర్డు కూడా ఉండదు. వరసగా అరలు... వాటి మధ్య చేతిలో ఫోనుతో పరుగులు తీసే పిల్లలు. ఏ సరుకు ఏ అరలో ఉందో, ముందు ఏది తియ్యాలో ఫోనే చెబుతుంది. సరుకు మీది బార్‌కోడ్‌ను ఫోనుకి చూపిస్తే సరైనదో కాదో అదే తేలుస్తుంది.

నాయిన షెడ్డులో ఇచ్చిన టమాట కూడా ఇలాగే ఫోను వెంట ఫోను దాటుకుంటూ పోతుంది. షెడ్డులో ఎలక్ట్రానిక్ కాటా మీద తూకం, ఫోనులో నమోదు. అక్కణ్నుంచి వ్యానులో సుమారు 130 కిలోమీటర్ల దూరంలోని పట్నం శివారు గోడౌనుకి. అక్కడ మళ్లీ ఏరివేత, అరకిలో ప్యాకెట్లు, వాటి మీద చీటీలు. రాత్రికి రాత్రి కాలనీల్లోని చిన్న స్టోర్లకి. సోమవారం తెల్లవారుజామున కోసిన కాయ వంటింటికి చేరేసరికి మంగళవారమో బుధవారమో అవుతుంది. కస్టమరు ఆర్డరు పెట్టాక పట్టేది మాత్రం కొద్ది నిమిషాలే. ఆ నిమిషాల వెనక రెండు రోజుల ప్రయాణముందని చాలామందికి తెలీదు.

''నాయినా, నువ్వు పంపిన టమాటలే నేను మోస్తున్ననేమో!'' అంటాడు చిన్నోడు అప్పుడప్పుడూ ఫోనులో.

''ఏమో కొడుకా! కాయ మీద పేరు రాసుంటదా ఏంది?'' అని నవ్వుతాడు ఆయన.

మూడింటికి బండెక్కి...

ఈ ఫోను రాకముందు సంగతి ఆయనకి బాగా గుర్తు. గంపలు కట్టుకుని తెల్లవారుజామున మూడింటికి సూర్యాపేట బండెక్కేవాడు. అక్కడ ధర ఎంతుందో మార్కెట్లో దిగాక గానీ తెలిసేది కాదు. నాలుగూళ్ల టమాట ఒకే రోజు వచ్చిపడితే అంతే సంగతులు. వెనక్కి తెచ్చుకుంటే కిరాయి దండగ. అందుకే ఎంతకడిగితే అంతకిచ్చి, టీ తాగి, ఖాళీ గంపలతో ఇంటికి తిరిగొచ్చేవాడు. 1999 జనవరి 26న ఉమ్మడి రాష్ట్రంలో రైతు బజార్లు మొదలయ్యాక రైతే నేరుగా అమ్ముకునే వీలు కలిగింది. కానీ, పూటంతా అక్కడే కూర్చుని అమ్ముకోవాలంటే చేను చూసేదెవరు?

మనదేశంలో తొలి మొబైల్ కాల్ 1995 జులై 31న మోగింది. అయితే, వచ్చే కాల్‌కి కూడా డబ్బు కట్టాల్సిన ఆ రోజుల్లో అది రైతు చేతికి వచ్చేదెక్కడ! 2003లో ఇన్‌కమింగ్ ఉచితమయ్యాకే పల్లెల్లో ఫోను చప్పుడు మొదలైంది. ఆయన తొలి ఫోను చిన్న తెరది, మీటలది. దాంతో చేసిన మొదటి పని సూర్యాపేటలో తెలిసినాయనకి ఫోను చేసి 'ఇయ్యాల టమాట ఎట్లుంది?' అని అడగడం. తక్కువుందంటే ఆ రోజు కోత ఆపేవాడు, ఎక్కువుందంటే ఇంకో రెండు గంపలు కోసేవాడు. అంతకన్నా ఆ ఫోనుతో ఆయనకి పెద్దగా పనుండేది కాదు. ఆ ఒక్క ప్రశ్నే ఆయన్ని ఎన్నోసార్లు నష్టం నుంచి కాపాడింది.

సరిగ్గా ఇలాంటి ఫోన్లే కేరళ తీరంలో ఏం చేశాయో రాబర్ట్ జెన్సెన్ అనే ఆర్థికవేత్త లెక్కకట్టి 2007లో ప్రచురించాడు. 1997-2001 మధ్య అక్కడ సెల్‌టవర్లు వచ్చాయి. అంతకుముందు ఒక తీరంలో కొనేవాళ్లు లేక చేపలు పారబోస్తుంటే, కొద్ది దూరంలోని ఇంకో తీరంలో చేపలు దొరక్క జనం తిరిగెళ్లేవారు. పట్టిన చేపల్లో 5 నుంచి 8 శాతం అలా వృథా అయ్యేవి. పడవలోంచే ఫోను చేసి ఏ తీరానికి పోవాలో తేల్చుకోవడం మొదలయ్యాక ఆ వృథా దాదాపు ఆగిపోయింది. జాలర్ల లాభం సగటున 8 శాతం పెరిగింది. చిత్రంగా, కొనేవాళ్లకు ధర 4 శాతం తగ్గింది కూడా! ఇద్దరూ బాగుపడ్డారు.

ఆ కథలో ఒక సంగతి గమనించాలి. ఫోను జాలరి చేతిలో ఉంది. ఏ తీరానికి పోవాలన్నది అతని ఇష్టం. అడిగేది అతను, తేల్చుకునేది అతను.

సరుకులు ఇంటికి తెచ్చిచ్చే వ్యాపారం మాత్రం మొదట్లో ఫోనుతో పుట్టలేదు. 1999లో అమెరికాలో వెబ్‌వ్యాన్ అనే సంస్థ కంప్యూటర్లో ఆర్డరిస్తే కూరగాయలు తెచ్చిస్తామంటూ కోట్ల డాలర్లు కుమ్మరించి, 2001లో దివాలా తీసింది. అదే 1999లో బెంగళూరులో ఫ్యాబ్‌మార్ట్ మొదలైంది. దాన్ని నడిపిన మిత్రులే 2011లో బిగ్‌బాస్కెట్ పెట్టారు. 2016 సెప్టెంబరులో జియో వచ్చి ఇంటర్నెట్ చౌకైంది. ఆ ఏడాదే యూపీఐ కూడా వచ్చింది. ఇక కొనేవాళ్ల చేతిలో, అమ్మేవాళ్ల చేతిలో, మోసేవాళ్ల చేతిలో ఒకే రకం ఫోను. 2020లో కరోనా జనాన్ని ఇంట్లో కూర్చోబెట్టింది. 2021కి గ్రోఫర్స్ పేరు మార్చుకుని బ్లింకిట్ అయింది, జెప్టో కొత్తగా వచ్చింది, 'పది నిమిషాల్లో' అన్న మాట పట్నాల్లో మామూలైపోయింది.

మార్కెట్లూ ఊరుకోలేదు. 2016 ఏప్రిల్ 14న ఎనిమిది రాష్ట్రాల్లో 21 మార్కెట్లతో 'ఈ-నామ్' మొదలైనప్పుడు, తెలంగాణ నుంచి చేరిన వాటిలో ఇక్కడికి దగ్గర్లోని తిరుమలగిరి ఒకటి. ధాన్యపు రాశి ముందు గుమిగూడి పాడే వేలం తెర మీదికొచ్చింది.

జాతరొచ్చింది... మెసేజొచ్చింది

2025 ఫిబ్రవరి. సూర్యాపేట పక్కన దురాజ్‌పల్లి గుట్ట మీద పెద్దగట్టు జాతర. రెండేళ్లకోసారి జరిగే లింగమంతుల స్వామి జాతరంటే ఈ చుట్టుపక్కల ప్రతి ఇంటికీ పండగే. ఆడబిడ్డలు వస్తారు, అల్లుళ్లు వస్తారు, పట్నం పోయిన పిల్లలు వస్తారు. 'ఓ లింగా... ఓ లింగా' అంటూ గుట్టంతా మారుమోగుతుంది. గుట్ట జాతీయ రహదారి పక్కనే కావడంతో ఆ నాలుగైదు రోజులూ హైదరాబాద్-విజయవాడ వాహనాలను వేరే దారులకి మళ్లిస్తారు.

చిన్నోడు సెలవు పెట్టుకుని వచ్చాడు. సెలవంటే అడిగేదేమీ లేదు, ఫోనులో యాప్ ఆపేయడమే. ఆపినన్ని రోజులూ జీతమూ ఆగుతుంది. అంతే!

ఆ రాత్రి నాయిన ఫోను మోగింది. 'దారి మళ్లింపు వల్ల వ్యాను రాదు. రేపు, ఎల్లుండి సరుకు వద్దు.'

ఇంట్లో చుట్టాలు, నవ్వులు. ఆయన మాత్రం ఫోను పట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు. చిన్నోడు పక్కన చేరాడు.

''రెండు రోజులే గదా నాయినా, మూడో రోజు ఇద్దాం.''

''నీ యాప్ లెక్క టమాట ఆపితే ఆగుతదా బిడ్డా! ఇయ్యాల దోరకాయ, మూడో రోజుకి పండు. పండు వాళ్లు తీసుకోరు. ఇయ్యాల పచ్చిగున్నది అప్పటికి దోర అయితది నిజమే. ఈ పది ట్రేలు మాత్రం పోయినట్టే.''

కంపెనీ మీద ఆయనకి కోపం లేదు. దారి మూసింది వాళ్లు కాదు. దేవుడి పని, తప్పదు. ఆయన మనసులో మెదిలింది వేరే ప్రశ్న. వ్యాను రాకపోతే కంపెనీకి ఇంకో ఊరి టమాట ఉంటుంది. స్టోరులో ఒక అర ఖాళీగా ఉంటే కస్టమరుకి ఇంకో యాప్ ఉంటుంది. తనకి మాత్రం ఈ తోటొక్కటే ఉంది. అందరి నష్టమూ దొర్లుకుంటూ వచ్చి చివరికి ఆగేది చెట్టు మొదట్లోనే!

ఇలా పోయే పంట తక్కువేమీ కాదు. లుథియానాలోని సీఫెట్ సంస్థ 2015లో వెలువరించిన అధ్యయనం ప్రకారం మనదేశంలో పండ్లు, కూరగాయల్లో రకాన్ని బట్టి 4.58 నుంచి 15.88 శాతం దాకా కోత నుంచి అమ్మకం లోపు పాడైపోతోంది.

బొమ్మల్లేని యాప్

మర్నాడు పొద్దున అమ్మే తేల్చింది. ''పండినయన్నీ కోయండ్రి. దుకాణం వదినెకు చెప్పొస్త'' అంటూ చెంగు దోపుకుంది.

ఊళ్లో కిరాణం దుకాణం ఆవిడది. ముప్ఫయ్యేళ్ల నుంచీ గల్లా మీద కూర్చున్న మనిషి. ఒకప్పుడు సూర్యాపేట వెళ్లి మూటలు తెచ్చుకునేది. తర్వాత కంపెనీల సేల్స్‌మెన్ బండ్ల మీద వచ్చి ఆర్డర్లు రాసుకుపోయేవాళ్లు. ఇప్పుడు సబ్బులు, బిస్కెట్లు, టీపొడి హోల్‌సేల్ యాప్‌లో తనే చూసి ఆర్డరు పెడుతుంది. బండి సరుకు దింపిపోతుంది. కానీ, గల్లా పక్కన నల్లదారం కట్టిన ఖాతా పుస్తకం మాత్రం అలాగే ఉంది. ఎవరింట్లో పెళ్లో, ఎవరి కూలి డబ్బులు ఎప్పుడొస్తాయో, ఎవరిని అడగాలో, ఎవరిని అడక్కూడదో ఆ పుస్తకానికీ ఆవిడకీ మాత్రమే తెలుసు.

''ఎన్ని ట్రేలు వదినె?'' అని మాత్రమే అడిగింది. రెండు ట్రేలు దుకాణం అరుగు మీద పోయించింది. నిగనిగలాడే ఎర్రటి కుప్పని ఫోటో తీసి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టింది. కింద ఒకటే మాట: 'మనూరి టమాట. జాతర కూరలకు.' చిన్నోడు అదే ఫోటోని తన క్లాసు పిల్లల గ్రూపులో పెట్టాడు. పక్క ఊళ్ల వాళ్లూ అందులో ఉన్నారు.

జాతర ఇళ్లు కదా! ఇంటికి పదిమంది చుట్టాలు. పొయ్యి మీద మాంసం ఉడుకుతోంది. ఆ పూట ఎవరికీ రెండు రోజులు నిలవుండే దోరకాయ అక్కర్లేదు, ఇప్పుడే కోసి వేసుకునే పండు కావాలి. షెడ్డులో ఏ కాయని పక్కన పడేస్తారో, ఇక్కడ ఆ కాయే కావలసొచ్చింది. మధ్యాహ్నానికి అరుగు ఖాళీ. చిన్నోడు బైకు తీశాడు. ఊరి చివర ఒకింటికి రెండు కిలోలు, తండాలో పెళ్లింటికి ఒక ట్రే, పక్క ఊళ్లో స్నేహితుడి ఇంటికి అయిదు కిలోలు... మ్యాపు చూడాల్సిన పనే లేకపోయింది. ప్రతి గుమ్మంలోనూ 'ఎప్పుడొచ్చినవ్ రా?', 'మంచిగున్నవా బిడ్డా?', 'జర నీళ్లన్న తాగిపో' అని పలకరింపులు.

పట్నంలో అతను రోజంతా గుమ్మాల ముందే తిరుగుతాడు. ఫోనులో అతని పేరు కనిపిస్తుంది, పక్కన చుక్కల రేటింగు కనిపిస్తుంది. తలుపు తీసిన చేతులు తప్ప మొహాలు గుర్తుండవు. ఇక్కడ చుక్కలిచ్చేవాళ్లు లేరు గానీ, మంచినీళ్లు ఇవ్వనివాళ్లూ లేరు.

అలాగని ఆ పూట అంతా గట్టెక్కిందని కాదు. పది ట్రేల్లో ఆరు అమ్ముడయ్యాయి. ఒకటి చుట్టాల ఇళ్లకి వెళ్లింది. రెండు ట్రేలు అమ్మ, మేనత్తలు కూర్చుని ముక్కలు కోసి ఉప్పు జల్లి దాబా మీద ఎండబెట్టారు. మిగిలింది బర్రెలకి వేశారు. వచ్చిన డబ్బు కూలీలకీ మందులకీ సరిపోయింది. ''నష్టం గాలే. గదే లాభం'' అన్నాడు నాయిన.

రూపాయి ఎక్కడెక్కడ ఆగుతుంది?

ఆ రాత్రి అరుగు మీద తండ్రీ కొడుకులు లెక్కలు చూసుకున్నారు. రిజర్వ్ బ్యాంకు 2024 అక్టోబరులో విడుదల చేసిన పరిశోధన పత్రాల్లో ఒక లెక్కుంది. కొనేవాళ్లు టమాటకి పెట్టే ప్రతి రూపాయిలో రైతుకు చేరేది సుమారు 33 పైసలు. ఉల్లికి 36, ఆలుగడ్డకి 37. చిన్నోడు ఫోనులో అది చదివి వినిపించాడు.

''మిగతా అరవై ఏడు పైసలు ఎవలు తింటున్రు?'' అడిగాడు నాయిన.

''అందరూ తలా ఇంత. వ్యాను డీజిలు, గోడౌను కిరాయి, పాడైన కాయ, దళారీ, కంపెనీ... అందులో నాది కూడా ఉంది నాయినా!''

ఆయన ఒక్క క్షణం ఆగి, కొడుకు వైపు చూశాడు. ''నీదెంత మరి?''

చిన్నోడు నవ్వి ఊరుకున్నాడు. వానొస్తే ఇంత, రాత్రయితే ఇంత, ఒకే రూటులో రెండు సంచులైతే ఇంత... ఏ రోజు ఎంతొస్తుందో సాయంత్రానికి గానీ అతనికీ తెలీదు. తెల్లవారుజామున మూడింటికి బండెక్కి, ధర తెలీకుండా సూర్యాపేట పోయిన నాయిన కథే మళ్లీ తన చేతిలోని ఫోనులో నడుస్తోందని అతనికి ఆ రాత్రే తట్టింది.

ఇలాంటి పనుల మీద ఆధారపడ్డవాళ్లు 2020-21 నాటికే దేశంలో 77 లక్షల మంది ఉన్నారనీ, 2029-30కి 2.35 కోట్లవుతారనీ నీతి ఆయోగ్ 2022లో అంచనా వేసింది. వాళ్ల భద్రత కోసం 2023లో రాజస్థాన్ దేశంలోనే మొదటిగా ఒక చట్టం చేసింది. షెడ్డు దగ్గర ఏరివేతకి మిగిలిపోయే కాయకి మాత్రం ఏ చట్టమూ లేదు.

''ఇక్కడే ఉండరాదు రా?'' అమ్మ అడగనే అడిగింది. ''దుకాణం వదినె గూడ అన్నది. నువ్వుంటే చుట్టుపక్కల ఊళ్లకు కూరగాయలు పంపొచ్చట.''

జాతర రోజులు వేరు, మామూలు రోజులు వేరని ముగ్గురికీ తెలుసు. ఇంటికి పదిమంది చుట్టాలు ఏడాదంతా ఉండరు. చిన్నోడు ఔననలేదు, కాదనలేదు. గదికి కిరాయి కట్టాలి, బైకు కిస్తీ ఉంది. జాతర అయిపోగానే బయల్దేరాడు. వెళ్లేముందు మాత్రం రెండు పనులు చేశాడు. నాయిన ఫోనులో సూర్యాపేట మార్కెట్లో అమ్ముకునే ఇద్దరి నంబర్లు, కోదాడలో ఒకరి నంబరు ఎక్కించాడు. దుకాణం అత్తమ్మ, నాయిన, ఇంకో నలుగురు కూరగాయల రైతులూ కలిసి ఒక గ్రూపు పెట్టాడు. దాని పేరు 'పండుకాయ'.

ఇప్పుడూ రాత్రి తొమ్మిదికి ఆ ఇంట్లో ఫోను మోగుతుంది. 'రేపు టమాట 10 ట్రేలు. దోరకాయ మాత్రమే.' ఆయన చదువుకుంటాడు. కానీ, ఇప్పుడు కంచం ముందు కూర్చునేలోపే తనే ఒక ఫోను చేస్తున్నాడు... వెనకటిలా సూర్యాపేటకి.

''ఇయ్యాల టమాట ఎట్లుందే?''

జవాబు విని, షెడ్డుకి ఎన్ని ట్రేలు, సూర్యాపేటకి ఎన్ని, దుకాణం అరుగుకి ఎన్ని అని వేళ్ల మీద లెక్కేసుకుంటాడు. అప్పుడు గానీ చెయ్యి కడుక్కుని కంచం ముందు కూర్చోడు. ఇల్లాలు కూడా ఇప్పుడు విసుక్కోవడం లేదు. ఫోను గూట్లో పెట్టాకే తింటున్నాడు మరి!